అద్దాలమ్మ సాక్ష్యం

ఆ సంఘంలో గొడవ మొదలైంది నరకం గురించి. నరకం ఉందా లేదా అని కాదు, ఉందని అందరూ ఒప్పుకున్నారు. అందులో పడ్డవాళ్లు ఎప్పటికైనా బయటికొస్తారా, రారా అన్నదే పేచీ. ఆ పడేవాళ్లలో తామూ ఉంటామేమోనన్న అనుమానం మాత్రం అక్కడ ఏ ఒక్కరికీ రాలేదు. అంత గట్టి విశ్వాసం గల సంఘం అది.

నిప్పు రాజేసింది కొత్త పాస్టరుగారు. వయసులో చిన్నవాడు, వేదాంత కళాశాలలో చదువుకుని వచ్చినవాడు, ప్రసంగం మధ్యలో చెయ్యి గుండెల మీద పెట్టుకుని కాసేపు ఆగే అలవాటున్నవాడు. ఓ ఆదివారం అలాగే ఆగి, "దేవుని ప్రేమ ఓడిపోదు. చిట్టచివరికి అందరూ రక్షణ పొందుతారు. ఒక్కరు కూడా మిగలరు" అన్నారు. వెనక బెంచీల్లో కునుకు తీస్తున్నవాళ్లు కూడా ఉలిక్కిపడి లేచారు. ఏళ్ల తరబడి నరకం గురించి వింటూ హాయిగా నిద్రపోయినవాళ్లు, అందరికీ మంచే జరుగుతుందనేసరికి భయపడిపోయారు.

అందరికన్నా ఎక్కువ గాయపడింది సంఘపెద్ద. ఆయనకి కళ్లజోళ్ల దుకాణం ఉంది. మనిషి ఎంత మెత్తనివాడంటే, గోడ మీద సాలీడు కనిపిస్తే కాగితం మీదకి ఎక్కించుకుని కిటికీలోంచి బయట దింపి వచ్చేవాడు. అలాంటివాడు ఆదివారం పాఠంలో నరకం దగ్గరికొచ్చేసరికి, అక్కడ నాలుగేళ్లు ఉద్యోగం చేసి వచ్చినంత వివరంగా చెప్పేవాడు. మంట రంగు, పొగ వాసన, పళ్లు కొరుక్కునే చప్పుడు, ఏదీ వదిలేవాడు కాదు. దానికి చివర అనేది లేదని చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఒక తృప్తి కూడా ఉండేది. లెన్సు చక్కగా ఫ్రేములో కూర్చున్నప్పుడు ఉండే తృప్తి లాంటిది.

ఆయన భార్యని అందరూ అద్దాలమ్మ అంటారు. పొద్దంతా కౌంటరు వెనక కూర్చుని ఫ్రేములకి మరలు బిగించడం, వదులైన కాళ్లు సరిచెయ్యడం, ముక్కు మీద ఒత్తుకుంటోందని వచ్చినవాళ్లకి మెత్తలు మార్చడం ఆమె పని. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. మొగుడు "ఇదిగో" అంటాడు, తమ్ముడు "అక్కా" అంటాడు. ఆమెకి ఆ రెండూ చాలు.

దుకాణం మీదే వాళ్ల ఇల్లు. పాస్టరుగారి ప్రసంగం అయిన మర్నాటి నుంచీ ఆ ముందుగది చర్చలకి అడ్డా అయింది. సోఫాలో నిత్యనరకం వాళ్లు, ఎదురుగా మడత కుర్చీల్లో అందరూ రక్షింపబడతారు అనేవాళ్లు. ఇద్దరికీ టీ పెట్టేది అద్దాలమ్మే. టీ దగ్గర మాత్రం వాళ్ల మధ్య ఏ సిద్ధాంత భేదమూ కనిపించలేదు, అందరూ రెండో కప్పు అడిగేవాళ్లు.

"నిత్యం అంటే ఎప్పటికీ అనే కదా అర్థం?" అంటాడు సంఘపెద్ద.

"మూలభాషలో ఆ మాటకి ఒక యుగం అని కూడా అర్థముంది" అంటారు పాస్టరుగారు. మూలభాష ఆయన ఒక్క ఏడాది చదివారు. మిగతావాళ్లు అదీ చదవలేదు కాబట్టి ఒప్పుకోవడానికీ కాదనడానికీ ఎవరికీ ఇబ్బంది లేకపోయింది. ఆ ఒక్క మాట మీద మూడు వారాలు కొట్టుకున్నారు.

ఓ రోజు పాటల బృందంలో ముందు నిలబడి పాడే ఆవిడ చెయ్యెత్తింది. "పాస్టరుగారూ, అందరూ అంటే అందరూనా?"

"అందరూ, అమ్మా."

"మా ఆడపడుచు కూడానా?"

"ఆమె కూడా. చిట్టచివరికి."

ఆవిడ కాసేపు ఆలోచించుకుంది. "ఎంత చివరికి?"

ఆ ప్రశ్నకి పాస్టరుగారు చెయ్యి గుండెల మీద పెట్టుకుని ఆగారు గానీ, ఈసారి ఆ తర్వాత ఏమీ రాలేదు. ఆవిడ కుర్చీ మడత పెట్టి, తీసుకెళ్లి సోఫా వైపు వేసుకుంది. నిత్యనరకానికి ఆ రోజు ఒక ఓటు పెరిగింది.

సరిగ్గా అప్పుడే అద్దాలమ్మ తమ్ముడు వచ్చాడు. అతన్ని ఊరంతా డ్రైవింగు మాస్టారంటారు. సంఘంలో సగం మందికి బండి నడపడం నేర్పింది అతనే. చిన్నప్పుడు అక్క చెయ్యి పట్టుకుని ఆదివారం బడికి వెళ్లాడు గానీ, పెద్దయ్యాక గుడి గడప తొక్కలేదు. ఎవరైనా అడిగితే, "వారమంతా కొత్త డ్రైవర్ల పక్క సీట్లో కూర్చుంటాను. మీరు ఆదివారం ఒక్క పూట చేసే ప్రార్థన నేను రోజంతా చేస్తాను" అనేవాడు.

పాస్టరుగారు కూడా అతని శిష్యుడే. అప్పటికి మూడుసార్లు పరీక్ష తప్పారు. రివర్సు గేరు వేస్తే ఆయనకి కుడీ ఎడమా తెలిసేది కాదు.

మాస్టారు గుమ్మంలో నిలబడి చర్చ సంగతేంటో కనుక్కున్నాడు. కనుక్కుని, బిస్కట్టు కొరుకుతూ, "పాస్టరుగారూ, దేవుడు చివరికి అందర్నీ కాపాడతాడంటే సంతోషమే. ముందు రోడ్డు మీద జనాన్ని మీ నుంచి కాపాడమనండి" అన్నాడు.

సోఫా నవ్వింది. మడత కుర్చీలూ నవ్వాయి. నెల రోజుల్లో సంఘమంతా కలిసి చేసిన పని అదొక్కటే. పాస్టరుగారు కూడా నవ్వారు, కానీ ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోవడం అద్దాలమ్మ చూసింది. మర్నాటి నుంచి ఆయన డ్రైవింగు పాఠానికి వెళ్లడం మానేశారు.

వర్షాలు మొదలయ్యేసరికి డ్రైవింగు మాస్టారు మంచం పట్టాడు. మొదట అలసట అన్నారు, తర్వాత కాలేయం అన్నారు, ఆ తర్వాత డాక్టరు అద్దాలమ్మని పక్కకి పిలిచి కూర్చోమన్నాడు. డాక్టర్లు కూర్చోమన్నారంటే దాని అర్థం ఆమెకి తెలుసు. దుకాణం తాళం మొగుడి చేతిలో పెట్టి, ఆస్పత్రి వార్డులో తమ్ముడి మంచం పక్కన ఓ ప్లాస్టిక్ కుర్చీలో మకాం వేసింది.

ఓ సాయంత్రం చూడటానికి సంఘపెద్దా, పాస్టరుగారూ ఒకేసారి వచ్చారు. ఒకరు మంచానికి ఈ పక్క, ఇంకొకరు ఆ పక్క.

"ఇప్పటికైనా మించిపోలేదురా" అన్నాడు సంఘపెద్ద, బావమరిది చెయ్యి పట్టుకుని. ఆయన కళ్లు నిజంగానే ఎర్రగా ఉన్నాయి. "ఒక్క మాట. ఒప్పుకుంటున్నానని ఒక్క మాట అను. చాలు."

"ఆయన్ని భయపెట్టకండి" అన్నారు పాస్టరుగారు. "ఆయన చివరికి ఎలాగూ రక్షింపబడతారు."

"చివరికి అంటే ఎప్పుడు? మధ్యలో ఏమవుతాడు?"

"మధ్యలో శుద్ధి జరుగుతుంది."

"దేనితో?"

"అగ్నితో. కానీ అది ప్రేమాగ్ని."

"కాలుతుందా, కాలదా?"

గొంతులు పెరిగాయి. పక్క మంచం మీది ముసలాయన దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. మాస్టారు మాత్రం ఓసారి అటూ, ఓసారి ఇటూ చూస్తూ ఉన్నాడు. ఆఖరికి నీరసంగా చెయ్యెత్తి, "అయ్యా, నేనింకా బయల్దేరలేదు. దారి మీరిద్దరూ తేల్చుకున్నాక కబురు చెయ్యండి, అప్పుడు బయల్దేరతా" అన్నాడు. నర్సు వచ్చి, రోగి తప్ప మిగతావాళ్లంతా బయటికి వెళ్లాలంది. వాళ్లు మెట్ల మీద కూడా వాదించుకుంటూనే దిగారు.

వాళ్లు వెళ్లాక అద్దాలమ్మ తమ్ముడి పెదాలు తడి గుడ్డతో అద్దింది.

"అక్కా, బావ నిజంగానే నమ్ముతాడా? నేను కాలతానని?"

ఆమె అబద్ధం చెబుదామనుకుంది. నోరు రాలేదు. "నమ్ముతాడు."

"ఎప్పటికీనా?"

"ఊఁ."

అతను పైకప్పు వైపు చూశాడు. "పాపం బావ. అంత నమ్మకం పెట్టుకుని ఇన్నేళ్లూ నా పక్కన కూర్చుని అన్నమెలా తిన్నాడో."

ఆమెకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. రెండూ కలిసి వస్తే ముక్కు తుడుచుకోవడం తప్ప మనిషి చెయ్యగలిగింది ఏమీ ఉండదు. అదే చేసింది. ఆ వారంలోనే, ఓ గురువారం మధ్యాహ్నం, ఆమె నీళ్ల సీసా నింపుకొచ్చేలోగా తమ్ముడు వెళ్లిపోయాడు.

ఇక పూడ్చడం సంగతి. గుడి వెనక సంఘానికి శ్మశానం ఉంది. వాళ్ల అమ్మా నాన్నా అక్కడే ఉన్నారు. వాళ్ల పక్కన చోటూ ఉంది. శుక్రవారం పొద్దున్నే కమిటీ కూర్చుంది. ఆమె గుడి వరండాలో నిలబడింది, శవం ఆస్పత్రి చల్లగదిలో ఉంది.

తలుపు సందులోంచి మాటలన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. నిత్యనరకం వాళ్లు తేలిగ్గా తేల్చేశారు: అతను సభ్యుడు కాడు, విశ్వాసి కాడు, కాబట్టి వీల్లేదు. అద్దాలమ్మ అది ముందే ఊహించింది. ఆమె ఆశంతా పాస్టరుగారి మీదే. ఆకాశమంత దయని అందరికీ పంచిపెట్టే మనిషి, గోడ పక్కన ఆరడుగుల నేల ఇవ్వడా?

"నా సిద్ధాంతం మీకు తెలిసిందే" అన్నారు పాస్టరుగారు. "కానీ సిద్ధాంతం వేరు, శ్మశానం వేరు. ఇవాళ ఒకరికిస్తే రేపు అందరూ అడుగుతారు."

అందరూ వస్తారని రోజూ చెప్పేది ఆయనే. నిజంగానే వస్తే ఎక్కడ పెట్టాలో ఆయనకి బెంగ పట్టుకున్నట్టుంది.

ఇంకో గొంతు కోసం అద్దాలమ్మ చెవి రిక్కించింది. అది మొగుడి గొంతు. చాలాసేపటికి వినిపించింది. "నియమం నియమమే" అంది. అంతే.

మాస్టారిని మునిసిపాలిటీ శ్మశానంలో పూడ్చారు. అది ఊరి చివర, ఫ్యాక్టరీ గోడ వెనక. సంఘం నుంచి జనం రాలేదు. కానీ ఎక్కడెక్కడి నుంచో అతని దగ్గర బండి నేర్చుకుంటున్నవాళ్లు వచ్చారు, ఎర్రటి 'ఎల్' బోర్డులు తగిలించిన కార్లలో, ఒకదాని వెనక ఒకటి. చౌరస్తా దగ్గర ముందు బండి ఆగిపోయింది, దాంతో వెనకవి కూడా ఆగిపోయాయి. ఒకమ్మాయి కంగారులో హారన్ నొక్కేసి, ఏడుస్తూ అందరికీ క్షమాపణ చెప్పింది. అంత అధ్వాన్నమైన ఊరేగింపు ఆ రోడ్డు ఎన్నడూ చూసి ఉండదు. శవపేటిక ఉన్న బండిలో అద్దాలమ్మ మొగుడి పక్కనే కూర్చుంది. గొయ్యి దగ్గర ఆయన బైబిలు తెరిచాడు, ఓ పేజీ తిప్పాడు, ఇంకో పేజీ తిప్పాడు, మూసేశాడు. ఎవరూ ఏమీ చదవకుండానే మట్టి వేశారు.

తర్వాతి ఆదివారం ఆమె గుడికి వెళ్లింది. ఆరాధన చివర సాక్ష్యాల సమయం ఉంటుంది. ఒకాయన పోయిన తాళంచెవి దొరికినందుకు దేవుణ్ణి స్తుతించాడు. ఇంకొకాయన తన పై ఆఫీసరుకి దూరప్రాంతానికి బదిలీ అయినందుకు స్తుతించాడు. అందరూ ఆమేన్ అన్నారు. అప్పుడు అద్దాలమ్మ లేచి నిలబడింది. ఇన్నేళ్లలో ఆమె సాక్ష్యం చెప్పడానికి లేవడం అదే మొదటిసారి.

"నాకో తమ్ముడుండేవాడు" అంది. "మీలో సగం మందికి బండి నేర్పాడు. మా ఆయన మాట ప్రకారం వాడు నరకంలో ఉన్నాడు. పాస్టరుగారి మాట ప్రకారం పరలోకానికి దారిలో ఉన్నాడు. ఎక్కడున్నాడో నాకు తెలీదు. వాడికి ఊహ తెలియకముందే మా అమ్మ పోయింది. వాణ్ణి బడికి తీసుకెళ్లింది నేను. రోడ్డు దాటేటప్పుడు చెయ్యి విడిపించుకోవాలని గింజుకునేవాడు, నేను వదిలేదాన్ని కాదు. అందుకని దేవుడితో చెప్పేశాను, మీకూ చెబుతున్నా. వాడెక్కడుంటే నన్నూ అక్కడికే పంపమన్నాను. మంటల్లో ఉంటే మంటల్లోకే. పోతూ పోతూ కాసిని నీళ్లు తీసుకెళ్తాను."

కూర్చుంది.

ఎవరూ ఆమేన్ అనలేదు. కీబోర్డు వాయించేవాడు కంగారుపడి చేతికొచ్చిన పాట మొదలెట్టాడు. అది పెళ్లిలో పాడే పాట. జనం అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టి, మధ్యలో సంగతి గుర్తొచ్చి ఆపేశారు.

సాయంత్రానికల్లా కమిటీ కూర్చుంది. పరలోకం ఇస్తామంటే వద్దనడం దేవుణ్ణి అవమానించడమే అన్నారు నిత్యనరకం వాళ్లు. ఎలాగూ ఖాళీ కాబోయే చోటికి పోతాననడం తెలివితక్కువ పని అన్నారు రెండోవాళ్లు. ఎన్ని నెలలుగానో ఏ మాట మీదా కలవనివాళ్లు, అద్దాలమ్మ తన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకోవాలన్న తీర్మానం మీద ఒక్కటయ్యారు. ఆమెవల్ల సంఘంలో ఐక్యత వచ్చింది. అందుకు ఎవరూ ఆమెకి కృతజ్ఞత చెప్పలేదు.

కబురు చెప్పడానికి పాస్టరుగారే దుకాణానికి వచ్చారు. ఆమె ఓ చిన్నపిల్ల కళ్లజోడుకి మర బిగిస్తోంది. తలెత్తలేదు.

"అమ్మా, మీరింత బాధపడనక్కర్లేదు. చిట్టచివరికి అందరూ…"

"చిట్టచివరి సంగతి సరే పాస్టరుగారూ. శుక్రవారం సంగతేంటి?"

"శుక్రవారమా?"

"మావాడు చల్లగదిలో ఉన్న శుక్రవారం. పరలోకంలో వాడికి చోటుందంటారు. అది మీ చేతిలోది కాదు కాబట్టి ధారాళంగా ఇచ్చేశారు. మీ చేతిలోది ఆరడుగుల మట్టి. అది అడిగితే లేదన్నారు."

పాస్టరుగారు నియమావళి గురించి ఏదో మొదలెట్టారు. మధ్యలో ఆగిపోయారు. చెయ్యి గుండెల మీదికి పోలేదు, కౌంటరు అంచు పట్టుకుంది. "అందరి ముందూ నన్ను నవ్వులపాలు చేశాడమ్మా" అన్నారు, గబుక్కున. "ఇప్పటికీ వీధిలో పిల్లలు నన్ను చూస్తే స్టీరింగు తిప్పినట్టు చేతులు తిప్పుతారు."

అద్దాలమ్మ మొదటిసారి తలెత్తి ఆయన్ని చూసింది. అంత చదువూ, అంత గొంతూ ఉన్న మనిషి లోపల, బిస్కట్టు తింటూ ఎవరో అన్న మాటకి ఇంకా ముఖం మాడ్చుకుని కూర్చున్న కుర్రాడు కనిపించాడు. ఆమెకి కోపం కాస్త చల్లారింది.

"నిజమే. వాడి నోటికి బ్రేకులు లేవు. చాలామందిని ఏడిపించాడు" అంది. "మరి క్షమించారా?"

"ప్రయత్నిస్తున్నాను."

"ఒక్క మాటకి మీకే ఇంత టైము పడుతోంది. లోకాన్నంతా క్షమించి అయ్యేసరికి దేవుడికి ఎన్నాళ్లు పడుతుందో పాపం."

పాస్టరుగారు తీర్మానం సంగతి ఎత్తకుండానే వెళ్లిపోయారు. ఆ తర్వాత ఆయన సంఘాన్ని రెండు పూటలుగా విడగొట్టారు. ఉదయం నిత్యనరకం వాళ్ల ఆరాధన, మధ్యాహ్నం అందరి రక్షణ వాళ్లది. మధ్యలో బెంచీలు తుడిచే మనిషికి జీతం మాత్రం పెరగలేదు. రెండు పూటలవాళ్లూ అద్దాలమ్మని రమ్మన్నారు, ఆమె ఏ పూటా వెళ్లలేదు.

ఇంట్లో మొగుడితో మాటలు బాగా తగ్గిపోయాయి. ఉప్పు, తాళం, కరెంటు బిల్లు, అంతవరకే. ఆయన దుకాణం వెనకగదిలో లెన్సులు అరగదీస్తూ ఎక్కువసేపు ఉండటం మొదలెట్టాడు. ఆ యంత్రం మోత మొదలైతే గదిలో పిడుగు పడినా వినిపించదు.

ఓ మధ్యాహ్నం ఆమె ఏదో ఫ్రేము కోసం వెనకగది గుమ్మం దాకా వెళ్లింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. యంత్రం ఠక్కున ఆగింది. దాని మోతకి మించి మాట్లాడుతున్న మొగుడి గొంతు మాత్రం ఆగలేదు.

"…చెడ్డవాడు కాదు ప్రభువా, నోరే కాస్త… నీకు తెలీదా… వాడికి చీకటంటే భయం, ఎవరికీ చెప్పుకోడు, వాణ్ణి…"

నిశ్శబ్దం తెలిసొచ్చి ఆగిపోయాడు. చేతిలో లెన్సు, నుదుటి మీద గాజుపొడి. పోయినవాళ్ల కోసం ప్రార్థించడం వ్యర్థమనీ, పైగా పాపమనీ ఆయనే ఒక విధవరాలిని అందరి ముందూ మందలించి ఏడాది కూడా కాలేదు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఎవరి గురించండీ?" అందామె.

"కస్టమరు."

"ఏ కస్టమరు?"

"నీకు తెలీదులే."

ఆమె ఫ్రేము తీసుకుని ముందుకొచ్చి, కౌంటరు వెనక కూర్చుని, దానికి మర బిగించబోయి మూడుసార్లు జారవిడిచింది. కళ్లు తుడుచుకుంది. ఆయన నమ్మకం మారలేదని ఆమెకి తెలుసు. మారి ఉంటే అంత భయంగా అడగాల్సిన పనే లేదు. నరకం ఉందనీ, దానికి చివర లేదనీ, అందులో బావమరిది ఉన్నాడనీ నమ్ముతూనే, ఆ యంత్రం మోత చాటున రోజూ దేవుణ్ణి బతిమాలుకుంటున్నాడు. ఇన్నాళ్లూ ఆ మోత విని, పని ఎక్కువైందనుకుంది ఆమె.

కరెంటు వచ్చింది. కానీ యంత్రం మొదలవలేదు. కాసేపటికి ఆయన చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చి, గాజు తలుపులోంచి వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు.

"ఇదిగో, ఆ ఫ్యాక్టరీ వైపు ఏ బస్సు వెళ్తుంది?"

"దేనికి?"

"ఊరికే. మట్టి కుంగిందేమో, వానలు కదా."

అద్దాలమ్మ మర డబ్బా మూత పెట్టి లేచింది. "రెండు బస్సులు మారాలి. ఉండండి, గొడుగు తెస్తాను" అని మేడ మెట్లెక్కింది.